నడుచుచున్న పనికి నెలవు మార్చుట

పెద్ద సంస్థల యంత్రశాలలలో రేయింబవళ్లు ఎడతెగక పనిచేయు సర్వర్ బయటినుండి చూచువారికి ఒక్క యంత్రముగనే తోచును గాని, లోపల ఏ క్షణమున చూచినను వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది పనులు ఒకదానినొకటి ఒరసికొనుచు తమ వంతుకొరకు కాచుకొని యుండును. ఖాతాదారుల లావాదేవీలను వ్రాసికొను డేటాబేసు, వెబ్‌సైటునకు వచ్చిపోవువారి కోరికలను తీర్చు కార్యక్రమము, అర్ధరాత్రి దాటిన పిమ్మట దినమంతటి లెక్కలను కూడి నివేదికలు తయారుచేయు బ్యాచ్ పని, వీని నడుమ ఎవరో ప్రోగ్రామరు పరీక్షార్థము నడిపి ఆపుట మరచిపోయిన చిన్న స్క్రిప్టు, ఇవన్నియు అవే ప్రాసెసర్లను, అదే మెమరీని పంచుకొనుచున్నవి. ఇట్లు నడుచుచున్న ప్రతి పనిని ఆపరేటింగ్ సిస్టం ప్రాసెస్ అని వ్యవహరించి, దానికొక సంఖ్య నొసగి, ఆ సంఖ్యతోనే దానిని ఎరుగును. అది ఎవరి పని, ఎందులకు పుట్టినది, ఆగినచో ఎవరికెంత నష్టము అను సంగతులు ఆ సంఖ్యయందు కానరావు.

కాచుకొనియున్న ప్రాసెస్‌లలో దేనిని ఇప్పుడు ప్రాసెసర్‌పై కెక్కించవలెను, ఎంతసేపు ఉంచవలెను, ఎప్పుడు దింపవలెను అను నిర్ణయము చేయునది ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డగు కెర్నెల్‌లోని షెడ్యూలర్ అను భాగము. కనురెప్పపాటులో పలుమారులు వంతులు మార్చుచు, అన్నియు ఒక్కసారిగ నడుచుచున్నవను భ్రాంతిని అది చూపరులకు కలిగించును. 1961 నవంబరులో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటోయు ఆయన సహచరులును ఐబిఎం 709 యంత్రముపై సిటిఎస్ఎస్ అను కాలవిభజన వ్యవస్థను ప్రదర్శించినప్పుడు, ఒక్క యంత్రమునే పలువురు ఎవరికి వారు తమదే యన్నట్లు వాడుకొనవచ్చునని రుజువైనది. ఆనాడు యంత్రము వెల హెచ్చు, మనిషి నిరీక్షణ దీర్ఘము. ఈ రెంటిని తగ్గించుటయే ముఖ్యమైనందున పనికిని పనికిని నడుమ వంతులు వేయు విద్యపై బుద్ధిమంతుల శ్రద్ధ నిలిచెను. పనుల వెనుకనున్న మనుష్యుల నడుమ న్యాయమెట్లు నిలుపవలెనను ప్రశ్నకు పరిపక్వమైన సమాధానము లభించుటకు మరి రెండున్నర దశాబ్దములు పట్టినది.

ఆ ప్రశ్నను సూటిగా వేసినవారిలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన జూడీ కే, పియర్స్ లాడర్ ప్రముఖులు. విద్యార్థులును అధ్యాపకులును ఒకే యంత్రముపై పనిచేయు చోట వారు గమనించినది మిక్కిలి సామాన్యమైన విషయము, అందుచేతనే పలువురికి తోచనిది. ఒకడు పది ప్రాసెస్‌లను, మరొకడు ఒక్కదానిని నడిపెననుకొందము. షెడ్యూలర్ పదునొకండు ప్రాసెస్‌లకును సమానముగ కాలము పంచినచో, మొదటివానికి యంత్రములో పదునొకండింట పదిపాళ్లు దక్కి, రెండవవానికి ఒక్కపాలు మిగులును. ప్రాసెస్‌లకు న్యాయము జరిగినది; మనుష్యులకు జరుగలేదు. 1988 జనవరిలో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసిఎం పత్రికయందు ప్రకటించిన వ్యాసములో వారు ప్రతిపాదించిన ఫెయిర్ షేర్ పద్ధతి, కాలమును మొదట మనుష్యులకు వారి వాటాలనుబట్టి పంచి, పిమ్మట ఎవరి పాలును వారి ప్రాసెస్‌ల నడుమ పంచును. నిన్న మొన్న ఎవరెంత వాడుకొనిరో కూడ అది జ్ఞాపకముంచుకొనును. అయితే ఆ జ్ఞాపకము కాలక్రమమున పలుచబడుచు పోవును గాన, ఎన్నడో అతిగా వాడుకొన్నవాడు చిరకాలము శిక్ష ననుభవింపనక్కరలేదు. ఒక గణిత సూత్రములో ఇంత ఔదార్యమునకు చోటు దొరకుట నాకు ఎప్పుడును ఆశ్చర్యమే.

వాటాల మార్గము ఇట్లు ఏర్పడుచుండగా, వేరొక దిక్కునుండి గోడల మార్గము వచ్చినది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1997 లో వెలువరించిన ఎంటర్‌ప్రైజ్ 10000 వంటి యంత్రములందు ఒకే ఆపరేటింగ్ సిస్టం క్రింద 64 ప్రాసెసర్ల దాక అమర్చుకొన వీలుండెడిది. ఇన్ని ప్రాసెసర్లు చేతనుండగా వానిని కొన్ని గుంపులుగ విడదీసి, ఈ నాలుగింటిపై డేటాబేసు తప్ప మరేదియు అడుగిడరాదని శాసించుట సులభము కదా యను ఆలోచనకు రూపమే ప్రాసెసర్ సెట్. ఆ సంస్థవారి ఆపరేటింగ్ సిస్టం అగు సొలారిస్ 2.6 లో ఈ సదుపాయము వచ్చినది. సెట్‌లోనికి చేర్చిన ప్రాసెస్ ఆ సెట్‌లోని ప్రాసెసర్లపైననే నడుచును, బయటి ప్రాసెస్‌లు లోనికి రావు. అర్ధరాత్రి నివేదికల పని ఎంత విజృంభించినను డేటాబేసు వేగము చెక్కుచెదరదు. అయితే డేటాబేసునకు పని లేని వేళ ఆ నాలుగు ప్రాసెసర్లు చేతులు ముడుచుకొని కూర్చుండును. ప్రక్క సెట్‌లో ప్రాసెస్‌లు బారులు తీరి నిలిచియున్నను వీనికి పట్టదు.

మన చెరువుల క్రింది సేద్యము నెరిగినవారికి ఈ వైరుద్ధ్యము క్రొత్తది కాదు. ఆయకట్టులో ఒక మడికి ప్రత్యేకముగ తూము తెరచియుంచినచో ఆ రైతు నిశ్చింతగ నిద్రించును, కాని అతని మడి నిండి పొర్లుచుండగ క్రింది మడులు నెఱ్ఱెలు విచ్చుట తప్పదు. నీరటికానిచేత వంతులవారిగ పారించినచో చుక్క నీరు వృథా కాదు, ఒకరు వద్దన్న వంతు మరొకరికి పోవును. కాని ఎండలు ముదిరి అందరును ఒక్కసారిగ నీరడిగిన దినమున, నా మడికి ఇంత తప్పక చేరునని ఏ రైతును ధైర్యముగ చెప్పజాలడు. రక్షణయు పొదుపును రెండును పూర్తిగా ఒక్కచోట కుదురవు. సర్వర్ వనరుల పంపకమును గురించి ఈ ఏబది యరువదియేండ్లలో జరిగిన పరిశ్రమ అంతయు ఈ రెంటికిని నడుమ ఎక్కడ నిలువవలెనను విచారమే యని నా యభిప్రాయము.

వాటా యనగ శాతము కాదని ముందుగ తెలిసికొనవలయును. వెబ్ పనికి 60, జీతముల లెక్కకు 30, పరీక్షలకు 10 వాటాలిచ్చితిమనుకొందము. మూడును ఊపిరాడకుండ పనిచేయు వేళ నూటికి అరువది, ముప్పది, పది పాళ్లుగ కాలము పంచబడును. పరీక్షలు లేని వేళ మిగిలిన రెంటికి రెండుకొకటి నిష్పత్తిలో, అనగా మూడు పాళ్లలో రెండు వెబ్‌కు, ఒకటి జీతములకు పోవును. రాత్రివేళ పరీక్ష యొక్కటియే నడుచుచున్నచో పది వాటాలే యున్నను యంత్రమంతయు దానిదే. వాటాల సంఖ్యకు స్వతస్సిద్ధమైన విలువ లేదు, పోటీలోనున్న తక్కినవాని వాటాలతో పోల్చినప్పుడే దానికర్థము. ఇదియే ఈ పద్ధతికి బలము, ఇదియే బలహీనత. ఎందుకనగా రేపు ఎవరైన మరియొక పనిని తెచ్చి దానికి 100 వాటాలిచ్చినచో, వెబ్ పని వాటా 60 గనే యున్నను దాని పాలు సగమునకు పడిపోవును.

2002 లో వెలువడిన సొలారిస్ 9 ఈ రెండు మార్గములను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది. అందులోని రిసోర్స్ పూల్ అను భావన పైకి అల్పముగ కనబడును. ప్రాసెసర్ సెట్‌కు ఒక పేరు, ఆ సెట్‌లో అనుసరింపవలసిన షెడ్యూలర్ తరగతికి, అనగా వంతులు వేయు పద్ధతికి, ఒక నియమము, ఈ రెంటిని కలిపి కట్టిన మూట పూల్. కాని ఆ మూటవలన కలిగిన లాభము గొప్పది. పూర్వము సెట్ నిర్మించువాడు ప్రాసెసర్ల సంఖ్యలను పేర్కొని, ఫలానా ఫలానా ప్రాసెసర్లు ఈ పనికని వ్రాసికొనెడివాడు. యంత్రము మారినను, ఒక ప్రాసెసర్ చెడినను ఆ వ్రాత చెల్లకపోయెడిది. పూల్‌లలో అట్లుగాక, ఈ సెట్‌కు తక్కువలో తక్కువ రెండు, ఎక్కువలో ఎక్కువ ఆరు ప్రాసెసర్లుండవలెనని మాత్రమే చెప్పి, ఏవి యన్నది యంత్రమునకే విడిచిపెట్టవచ్చును. పని పూల్ పేరును మాత్రమే ఎరుగును, పూల్ వెనుక ఏ ఇనుమున్నదో ఎరుగదు. ప్రయోజనమును పేరుతో చెప్పి సాధనమును మరుగుపరచు ఈ యేర్పాటునే నేను ఆ రూపకర్తల చేతిపనిలో మేలైన దానినిగ ఎన్నుకొందును.

దీనికి తోడు ప్రాజెక్టు అను మరొక అంతస్తు కలదు. ఒక యాజమాన్యము క్రిందివగు ప్రాసెస్‌లన్నింటికిని ఒక ప్రాజెక్టు పేరు పెట్టి, ఆ పేరును ఈటిసి డైరెక్టరీలోని ప్రాజెక్ట్ అను ఫైలులో వ్రాసి, దాని వాటాలెన్నో, అది ఏ పూల్‌లో చేరవలెనో అక్కడనే నిర్దేశింపవచ్చును. సిడ్నీ పండితులు మనుష్యునకు వాటా యిచ్చిరి. ఇచ్చట వాటా ప్రాజెక్టునకు చెందినది. నేటి సర్వర్లలో వందల ప్రాసెస్‌లు ఒకే వాడుకరి పేరుమీద నడుచుచుండును గాన, పనినిబట్టి గుంపు కట్టుటయే న్యాయము.

పూల్‌ల సదుపాయమును మేలుకొలిపినంతనే యంత్రములో డిఫాల్ట్ పూల్ ఒకటి, దానికి డిఫాల్ట్ సెట్ ఒకటి ఏర్పడి, ఉన్న ప్రాసెసర్లన్నియు, నడుచుచున్న ప్రాసెస్‌లన్నియు వానిలోనే యుండును. క్రొత్త పూల్‌లు అందులోనుండి కోసుకొన్న ముక్కలే. పూల్‌సిఎఫ్‌జి అను ఆదేశముతో సెట్‌లను, పూల్‌లను నిర్మించి, వానికి జత కలిపి, ఫైలులో భద్రపరచి, పూల్‌అడ్మ్ అను ఆదేశముతో ఆ ఫైలులోని చిత్రమును యంత్రముపై నిజము చేయుదురు. చిత్రము సాధ్యమైనదో కాదో ముందుగ పరీక్షించి చూచుకొను వీలును కలదు. ఎనిమిది ప్రాసెసర్లున్న యంత్రమునందు అన్ని సెట్‌ల కనీసపు కోరికలు కూడి తొమ్మిదయినచో యంత్రము నిరాకరించును. డిఫాల్ట్ సెట్‌కు ఒక్క ప్రాసెసర్ అయినను మిగిల్చి తీరవలయును. కెర్నెల్ తన నిత్యకృత్యములను నెరవేర్చుకొనుటకు, అడ్మినిస్ట్రేటరు లాగిన్ అయి చేసిన తప్పును దిద్దుకొనుటకు ఆ మాత్రము చోటు కావలయును.

ఇక అసలు ముచ్చట పూల్‌బైండ్ అను ఆదేశమునది. పూల్ పేరును, ప్రాసెస్ సంఖ్యను ఇచ్చినచో, ఆ ప్రాసెస్ ఉన్నపళముగ పాత పూల్‌ను విడిచి క్రొత్త పూల్‌లో చేరును. దానిని ఆపనక్కరలేదు, మరల మొదలిడనక్కరలేదు, అడుగనైన నక్కరలేదు. సర్వర్లతో పరిచయము లేని పాఠకునకు ఇందులోని వైశిష్ట్యము తోచకపోవచ్చును. కాని ఉదయము నుండి నడుచుచున్న డేటాబేసు తనకు కావలసిన సమాచారమును డిస్కునుండి మెమరీలోనికి కొంచెము కొంచెముగ చేర్చుకొని కుదుటపడియుండును. దానిని ఆపి మరల మొదలిడుట యనగ వందలాది వాడుకరులను బయటికి పంపి, తలుపు మూసి, గంటలతరబడి మందగమనమును భరించుట. ఆరుగంటలుగ సాగుచున్న గణనము నడుమ దానికి ప్రాసెసర్లు చాలవని తెలిసినప్పుడు, చేసిన శ్రమను చెరిపివేయక ఇంకొంచెము విశాలమైన తావునకు దానిని జరుపగలుగుట ఎంతటి యుపశమనమో అట్టి రాత్రులు గడిపినవారికే తెలియును.

అయితే జరిపినప్పుడు వెంట వచ్చునదేది, రానిదేది యను విచారణ ఆవశ్యకము; అనుభవము లేని అడ్మినిస్ట్రేటరులు తడబడు చోటు ఇదియే. పూల్‌లో చేరిన ప్రాసెస్‌కు ఆ పిమ్మట పుట్టు సంతానమంతయు ఆ పూల్‌నే వారసత్వముగ పొందును. కాని జరుపుటకు పూర్వమే పుట్టిన సంతానము తాను పుట్టిన పూల్‌లోనే నిలిచిపోవును. వెబ్ సర్వరుల వంటివి మొదలిడినంతనే ఒక మాతృ ప్రాసెస్ పదుల కొలది పిల్ల ప్రాసెస్‌లను పుట్టించి, పనినంతయు వానికప్పగించి, తాను చూచుచు కూర్చుండును. అట్టిదాని తల్లిని మాత్రము క్రొత్త పూల్‌నకు జరిపినచో కూర్చున్నవారు మారిరి గాని పనిచేయువారు మారలేదు. ఈ చిక్కు నెరిగియే పూల్‌బైండ్‌నకు ఒక్క ప్రాసెస్ సంఖ్యనే గాక, ప్రాజెక్టు సంఖ్యను గాని, ప్రాజెక్టులోని చిన్న గుంపగు టాస్క్ సంఖ్యను గాని ఇచ్చి గుంపును గుంపుగ తరలించు వెసులుబాటు కల్పించిరి.

ప్రాసెసర్ల ప్రక్కనుండు క్యాష్ అను చిన్న మెమరీలోని సమాచారమును వెంట రాదు. మునుపటి ప్రాసెసర్ చెంత పోగుచేసికొన్న దానిని విడిచి, క్రొత్త ప్రాసెసర్ చెంత ప్రతి యక్షరమును మరల తెప్పించుకొనవలసియుండుటచే, జరిపిన వెంటనే పని కొంత మందగించును. పెద్ద యంత్రములలో మెమరీ ఒక్కచోటగాక బోర్డుబోర్డునకు విడివిడిగ అమర్చబడియుండును. అట్టిచోట ప్రాసెస్ దూరపు బోర్డునకు తరలినను అది మునుపు సంపాదించుకొన్న మెమరీ పుటలు పాతచోటనే యుండుటచే ప్రతి చూపునకు దూరము నడువవలసివచ్చును. జరిపిన అయిదు నిమిషములకే కొలిచి, ఇది దండుగ యని తీర్మానించి మరల వెనుకకు జరుపువారు, రెండుసార్లు ఆ నష్టమును భరించి ఒక్కసారియు లాభమును చూడనివారగుదురు.

షెడ్యూలర్ తరగతుల కలయికయందు మరొక సూక్ష్మమున్నది. సొలారిస్‌లో సామాన్యముగ నడుచు టైమ్‌షేరింగ్ తరగతియు, వాటాల తరగతియు 0 నుండి 59 వరకు గల ఒకే ప్రాధాన్య శ్రేణిని వాడుకొనును, అయితే ఆ సంఖ్యలను వేసికొను తీరు దేని దానిది. ఒకే సెట్‌లో కొన్ని ప్రాసెస్‌లు ఆ తరగతిలో, కొన్ని ఈ తరగతిలో నున్నచో, వాటాల లెక్కను లెక్కచేయని పొరుగువారు నడుమ దూరి కాలమును కాజేయుదురు. వాటాలు కాగితముపై ఎంత నిర్దుష్టముగ నున్నను ఫలితము వేరుగ నుండును. కావున పూల్‌నకే షెడ్యూలర్ తరగతిని జోడించి, అందు చేరిన ప్రాసెస్ ఆ తరగతిని తానుగ స్వీకరించునట్లు చేయుట కేవలము సౌకర్యము కాదు, ఆరోగ్యసూత్రము.

గోడలును వాటాలును కలిసినచోట మరొక వింత పుట్టును. వాటాల పోటీ ఒక్క సెట్‌లోని ప్రాజెక్టుల నడుమనే గాని యంత్రమంతట కాదు. ఆరు ప్రాసెసర్ల సెట్‌లో 100 వాటాలు గల ప్రాజెక్టు 300 వాటాల ప్రాజెక్టుతో పోటీపడి నాలుగవ పాలు, అనగా ఒకటిన్నర ప్రాసెసర్ల కాలము పొందుచుండగ, ప్రక్కన రెండు ప్రాసెసర్ల సెట్‌లో ఒకే ఒక్క వాటాతో ఒంటరిగ నున్న ప్రాజెక్టు రెండింటిని నిరాటంకముగ అనుభవించును. వాటాల పట్టికను మాత్రము చూచి, నూరు గలవాడు ఒకటి గలవానికన్న ధనికుడని తలచు అధికారి, ఫిర్యాదు వచ్చినప్పుడు ఎంత వెదకినను కారణము కనుగొనలేడు. ఈ కారణముచేతనే సెట్‌లను విరివిగ నిర్మించువారియెడ నాకు అనుమానము. కొలతలు తీసి, ఈ పని వాటాలతో నిలువదని తేలిన పిమ్మటనే గోడ కట్టవలయును. కాని కార్యాలయములందు జరుగునది దీనికి విపరీతము, ఏలయన గోడను మేలధికారికి చూపించుట సులభము, వాటాను చూపించుట కష్టము.

గోడలనే కదలునవిగ చేసినచో ఎట్లుండునను ఊహ 2005 లో వచ్చిన సొలారిస్ 10 లో పూల్‌డి అను సేవకునిగ రూపొందినది. సెట్ వాడుక నూటికి ముప్పదికి మించి ఎనుబదికి లోపల నుండవలెనని లక్ష్యమును వ్రాసియుంచినచో, మామూలుగ 15 సెకనుల కొకమారు అది కొలతలు తీసికొని, లక్ష్యము తప్పిన సెట్‌కు వేరొక సెట్ నుండి ప్రాసెసర్‌ను తెచ్చి కూర్చును. కనీసము, గరిష్ఠము అను హద్దులను మాత్రము దాటదు. తాను మునుపు చేసిన మార్పులు మేలు చేసినవో కీడు చేసినవో కూడ అది గుర్తుంచుకొని, ఒకసారి విఫలమైన తరలింపును వెనువెంటనే మరల చేయుటకు జంకును. పనికి ఏమి కావలెనో చెప్పుము, ఎట్లు సమకూర్చవలెనో చెప్పకుము అను ఈ ధోరణి సన్ వారితో మొదలైనది కాదు. ఐబిఎం మెయిన్‌ఫ్రేములలో 1994 నాటి వర్క్‌లోడ్ మేనేజర్ అంతకు పూర్వమే, ఇన్ని సెకనులలో జవాబు రావలెనను లక్ష్యమును తీసికొని వనరులను తానే సర్దెడిది. మెయిన్‌ఫ్రేముల వారు చేసిన పనిని ఇతరులు దశాబ్దము తరువాత క్రొత్త పేరుతో కనుగొనుట కంప్యూటరు చరిత్రలో పరిపాటి.

అదే సొలారిస్ 10 లో జోన్‌లు వచ్చినవి. ఒకే కెర్నెల్‌పై పలు స్వతంత్ర సర్వర్లున్నట్లు తోపించు ఈ యేర్పాటులో, ఒక్కొక్క జోన్‌ను ఒక్కొక్క పూల్‌నకు కట్టివేయవచ్చును. తరువాతి విడుదలలలో, ఈ జోన్‌కు ఇన్ని ప్రాసెసర్లు కేటాయింపుమని ఒక్క వాక్యములో చెప్పినచో, అది లేచునప్పుడు తాత్కాలికమైన పూల్ దానంతటదే పుట్టి, నిద్రించినప్పుడు రూపుమాయుట కూడ సాధ్యమైనది. దీనికొక వ్యాపార ప్రయోజనము కూడ తోడైనది. ఒరకిల్ వంటి డేటాబేసు లైసెన్సులకు ప్రాసెసర్ల లెక్కన వెల కట్టుదురు. పరిమితి విధించిన సొలారిస్ జోన్‌లను ఆ సంస్థ తన నియమములలో గట్టి విభజనగ అంగీకరించుటచే, పెద్ద యంత్రములో డేటాబేసు వాడు భాగమునకు మాత్రమే మూల్యము చెల్లించు మార్గము ఏర్పడినది. ఇంజినీరుల యుక్తులకు లొంగని మేలధికారులు పలువురు ఈ లెక్క చూచి పూల్‌లకు సమ్మతించిరనుటలో నాకు సందేహము లేదు.

నేటి పాఠకుని ఫోనులోని యాప్‌లు మాటలాడు సర్వర్లలో అధికభాగము సొలారిస్ కావు, లినక్స్. అందు ఈ పనికి సాధనము సీగ్రూప్. గూగుల్ సంస్థలో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006 లో ప్రాసెస్ కంటెయినర్లను పేరుతో ప్రారంభించిన ఈ సదుపాయము, పేరు మార్చుకొని 2008 జనవరి నాటి 2.6.24 కెర్నెల్‌లో చేరినది. ఇక్కడ ఆదేశములు కూడ నక్కరలేదు. ఒక ప్రత్యేక స్థలమున డైరెక్టరీని సృష్టించినచో అదియే గుంపు, అందలి సీగ్రూప్ డాట్ ప్రాక్స్ అను ఫైలులో ప్రాసెస్ సంఖ్యను వ్రాసినచో ఆ ప్రాసెస్ ఆ గుంపులో చేరినట్లే. మొదటి రూపములో ప్రాసెసర్‌కొక చెట్టు, మెమరీకొక చెట్టు విడివిడిగ పెంచుకొన వీలుండుటచే ఒకే ప్రాసెస్ ఒక చెట్టున ఈ కొమ్మపై, మరొక చెట్టున ఆ కొమ్మపై నుండి, ఎవరికి ఎవరు బాధ్యులో తేలక గందరగోళమైనది. తేజున్ హియో ఆధ్వర్యమున రూపొంది 2016 నాటి 4.5 కెర్నెల్‌లో స్థిరపడిన రెండవ రూపము, చెట్టు ఒక్కటే యుండవలెనని కట్టడి చేసినది. డాకర్, కుబర్నెటిస్ అని నేడు వినవచ్చు పేర్ల క్రింద వనరుల పంపకము చేయునది ఈ సీగ్రూప్‌లే.

లినక్స్‌లోనూ గోడ, వాటా రెండును కలవు. వానికి తోడు గరిష్ఠ పరిమితి యను మూడవది బహుళ ప్రచారము పొందినది. మామూలుగ 100 మిల్లీసెకనుల కాలఖండమును తీసికొని, ఈ గుంపు అందులో ఇంత ప్రాసెసర్ కాలమునకు మించి వాడరాదని కోటా విధింతురు. రెండు ప్రాసెసర్లకు సరిపడు కోటా, అనగా 200 మిల్లీసెకనులు, ఇచ్చితిమనుకొందము. గుంపులోని కార్యక్రమము త్రెడ్లు అను పదునారు సమాంతర పాయలతో పదునారు ప్రాసెసర్లపై ఒక్కుమ్మడిగ విరుచుకుపడినచో, పండ్రెండున్నర మిల్లీసెకనులకే కోటా హరించుకొనిపోవును. మిగిలిన ఎనుబది యేడున్నర మిల్లీసెకనులు ప్రాసెసర్లు ఖాళీగ నున్నను ఆ కార్యక్రమము స్తంభించి నిలువవలసినదే. సగటు వాడుకను చూపు పటములో అంతయు సవ్యముగ కనబడును, వెబ్‌సైటు మాత్రము ఆగి ఆగి నడుచును. గోడలోని వృథాయు, వాటాలోని అనిశ్చితియు రెండును ఒక్కచోట కూడిన ఈ పద్ధతి, లెక్కలు కట్టి బిల్లులు పంపువారికి అనుకూలమగుటచేతనే ఇంతగ వ్యాపించినదని నేననుకొందును.

మెమరీ సంగతి ప్రాసెసర్ కాలము వంటిది కాదు. ప్రాసెసర్ కాలము గడచినదాని ఊసెత్తదు, తరువాతి క్షణము నుండి క్రొత్త గుంపు ఖాతాలో పడును. ఒక గుంపులో నుండగ ప్రాసెస్ సంపాదించిన మెమరీ మాత్రము, రెండవ రూపపు సీగ్రూప్‌లలో, ఆ ప్రాసెస్ వేరొక గుంపునకు తరలిన తరువాత కూడ పాత గుంపు ఖాతాలోనే యుండి, విడిచిపెట్టినప్పుడే చెరిగిపోవును. కావున మెమరీ హద్దు దాటుచున్న గుంపును కాపాడుటకై అందలి అతిపెద్ద ప్రాసెస్‌ను వేరొక గుంపునకు జరిపినవానికి తక్షణ ఫలితము శూన్యము. గుంపులను నిర్ణయించుట, ప్రాసెస్‌ను మొదటనే తగిన గుంపులో పుట్టించుట మేలని సీగ్రూప్ కర్తలు చెప్పుటకు ఇదియొక కారణము. నడుచుచున్న దానిని జరుపుట అత్యవసర చికిత్సయే గాని దినచర్య కాదు.

చికిత్స తరువాత చేయవలసిన పని యొకటి మిగులును, తరచుగ మరచునదియు అదియే. పూల్‌బైండ్‌తో కట్టిన బంధము ఆ ప్రాసెస్ ప్రాణములతో నున్నంతవరకే. అది ఆగి మరల మొదలైనచో దానిని పుట్టించిన ప్రాసెస్ ఏ పూల్‌లో నున్నదో అందులోనే, సాధారణముగ డిఫాల్ట్ పూల్‌లో, తేలును. లినక్స్‌లో ఫైలులో సంఖ్య వ్రాసి జరిపిన ప్రాసెస్ గతియు అంతియే. రాత్రి రెండు గంటలకు జరిపి సంకటమునుండి గట్టెక్కిన అడ్మినిస్ట్రేటరు నిద్రమత్తులో ఇల్లు చేరును, మూడు నెలల పిమ్మట ఎవరో సెక్యూరిటీ ప్యాచ్ వేసి సర్వర్‌ను రీబూట్ చేయగ పాత సంకటము యథాతథముగ తిరిగివచ్చును, అప్పటికి ఆ మార్పు సంగతి ఎవరికిని జ్ఞప్తి యుండదు. అందుచేత నడుచుచున్న ఏ ప్రాసెస్‌ను జరిపినను, తెల్లవారకముందే సొలారిస్‌లోనైన ప్రాజెక్ట్ ఫైలులో ఆ ప్రాజెక్టునకెదురుగ పూల్ పేరును, లినక్స్‌లోనైన సేవలను మొదలిడు సిస్టమ్‌డికై ఆ సేవకు సంబంధించిన యూనిట్ ఫైలులో స్లైస్, అనగా సీగ్రూప్ కొమ్మ, పేరును వ్రాసి, సొలారిస్‌లోనైన పూల్‌బైండ్‌నకు క్యూ అను గుర్తు తగిలించి, ఆ ప్రాసెస్ నిజముగ ఏ పూల్‌లో నున్నదో ఒకసారి యంత్రమునే అడిగి చూచుకొనవలయును.